మంగళం దాకా ఉంటే మెస్సు మూసేస్తారు

మా మాస్టారు లెక్కల మనిషి. రిటైరై ఆరేళ్లయినా చొక్కా జేబులో చిన్న నోటుబుక్కు ఉండాల్సిందే. పోలిపాడ్యమి మర్నాడు మా ఇంట్లో టీ తాగుతూ ఆ పుస్తకం తీసి చదివారు. 2025 వినాయక చవితి నుంచి కార్తీకం వెళ్లేదాకా మేం నలుగురం తొమ్మిది చోట్ల పాట విన్నాం. మూడు ఊళ్లు తిరిగాం. ఒక రాత్రి లాడ్జిలో, ఒక రాత్రి టెంటులో పడుకున్నాం. నాలుగు రాత్రులు సరైన భోజనం లేకుండా గడిపాం.

ఆ చివరి లెక్క దగ్గర మా ఆఫీసు కుర్రాడు గట్టిగా నిట్టూర్చాడు. మా జట్టులో అతను భోజనాల మంత్రి. రాగం తెలీదు, తాళం తెలీదు, కానీ ఏ సందులో ఏ మెస్సు ఎన్నింటికి మూస్తారో కచ్చితంగా చెప్తాడు. మాతో వచ్చే నాలుగో మనిషి నా కాలేజీ స్నేహితురాలు. చిన్నప్పుడు ఎనిమిదేళ్లు వీణ నేర్చుకుంది. పెళ్లయ్యాక వీణ అటకెక్కింది.

భోజనం తప్పడానికి కారణం చెప్తాను. విశాఖలో కచేరీ సాయంత్రం ఆరింటికి అని కార్డులో వేస్తారు. జ్యోతి వెలిగించి, పూలదండలు వేసి, శాలువాలు కప్పి, నలుగురు పెద్దలు నాలుగేసి మాటలు మాట్లాడేసరికి ఆరూ ముప్పావు. కచేరీలో మొదటి అంశం వర్ణం అప్పుడు మొదలవుతుంది. ప్రధాన కృతి, మృదంగం ఒక్కటే వాయించే తని ఆవర్తనం అయ్యేసరికి తొమ్మిది దాటుతుంది. తర్వాత తుకడాలనే చిన్న పాటలు, ఆపైన ముగింపు పాట మంగళం. బయటికొచ్చి చెప్పులు వెతుక్కుని బండి తీసేసరికి పది కొడుతుంది. మనం తలుపు దగ్గరికి వెళ్లేసరికి మెస్సులో కుర్చీలు బల్లల మీదకి ఎక్కించేస్తుంటారు. మంగళం వినాలా, అన్నం తినాలా అన్నది మాకు ఈ మూడు నెలలూ తేలని తగువు.

మద్దిలపాలెం దగ్గర పిఠాపురం కాలనీలోని కళాభారతి హాలుకి మూడుసార్లు వెళ్లాం. మేం వెళ్లిన మూడింటికీ టికెట్టు లేదు. మొదటి వరసలు అతిథులవని తెలిసి కూడా అక్కడ కూర్చుని లేపించుకునేవాళ్లు ప్రతిసారీ ఉంటారు, మొదటిరోజు ఆ గౌరవం మాకే దక్కింది. ఏడెనిమిది వరసల వెనక, మధ్యలో కూర్చుంటే రెండు వైపుల స్పీకర్లూ చెవిలో పడకుండా పాట వినిపిస్తుంది. ఫిడేలు మీద కల్యాణి రాగం వినిపించిన సాయంత్రం మా స్నేహితురాలు చివరిదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. తని ఆవర్తనం మొదలవగానే సగం హాలు లేచి బయటికి వెళ్లింది. మృదంగం అంటే జనానికి కాఫీ విరామమని ఎవరు నేర్పారో! మాస్టారు మాత్రం తొడ మీద తాళం వేస్తూ లెక్క తప్పకుండా కూర్చుని, ముగింపు దెబ్బల వరస, తీర్మానం, సరిగ్గా తాళం మొదలయ్యే సమానికి పడగానే పిల్లాడికి నూటికి నూరు వేసినంత సంబరపడ్డారు.

నడకకి వెళ్లినప్పుడు బీచ్ రోడ్డులో ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి విగ్రహం దగ్గర ఆగడం మాస్టారికి అలవాటు. ఈ ఊరి సంగీతం గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే ఆయనకి నచ్చదు. గాయకులు నేదునూరి కృష్ణమూర్తిగారు ఈ ఊళ్లోనే ఉండి 2014లో ఇక్కడే కన్నుమూశారని, అలాంటి ఊళ్లో తని ఆవర్తనానికి లేచిపోతారా అని ఆయన కోపం.

హాల్లో విన్నవాటికన్నా నాకు గుర్తుండిపోయింది చవితి పందిట్లో హరికథ. మా పక్క కాలనీలో పెట్టారు. తొమ్మిది రోజుల్లో ఒక్కరోజు హరికథ, మిగతా రోజులు సినిమా పాటలు. ప్లాస్టిక్ కుర్చీలు వంద వేస్తే ముప్పై మందిమి ఉన్నాం. భాగవతారుగారికి అరవై దాటి ఉంటాయి. కాళ్లకి గజ్జెలు, చేతిలో చిడతలు, మెడలో దండ. కథ రుక్మిణీ కల్యాణం. రుక్మిణి కృష్ణుడికి కబురు పంపే ఘట్టానికి రాగానే పక్క వీధిలో డీజే మొదలైంది. పందిరి గుడ్డ కూడా అదిరింది. ఆయన ఆగి, చిడతలు చెవి దగ్గర పెట్టుకుని, "శిశుపాలుడి పెళ్లివారు అప్పుడే దిగిపోయారమ్మా, మనం తొందరపడాలి" అని కథని పరుగెత్తించారు. ముప్పై మందిమీ మూడొందల మందిలా నవ్వాం. ఆ రాత్రి భోజనం బెంగ కూడా లేదు. పులిహోర, గుగ్గిళ్లు దొన్నెల్లో పెట్టి ఇచ్చారు. మా మంత్రి మూడు దొన్నెలు ఖాళీ చేసి, హరికథకి ఈ సీజన్లో మొదటి మార్కు వేశాడు.

సెప్టెంబరులో ఒక శనివారం అతని మాట మీద బీచ్ వైపు ఒక కేఫ్‌లో కుర్రాళ్ల బ్యాండు వినడానికి వెళ్లాం. టికెట్టు 499. అందులో రెండొందలు తిండి కూపన్ అన్నారు. ఆ రెండొందలకి అక్కడ వచ్చేవి ఫ్రెంచ్ ఫ్రైస్ మాత్రమేనని బిల్లు దగ్గర తెలిసింది. సర్వీస్ చార్జీ అడక్కుండానే వేశారు, అడిగితే తీసేశారు. అడగని వాళ్ల సంగతి ఏమిటో! ఏసీ బాగుంది, సోఫాలు మెత్తగా ఉన్నాయి, మాస్టారికి నడుం నొప్పి రాలేదు. పాట మాత్రం వినబడలేదు. గదికి మించిన స్పీకర్లు పెట్టడం వల్ల గొంతు, గిటారు, డ్రమ్ములు అన్నీ ఒకే ముద్దయ్యాయి. బేస్ వాయించిన అమ్మాయి మంచి లయ ఉన్న పిల్ల, ఆ మోతలో కూడా ఆ సంగతి తెలిసింది. మా పక్క సోఫాలో డ్రమ్ముల అబ్బాయి తల్లి కూర్చుని రెండు గంటలూ ఫోను దించకుండా వీడియో తీశారు. చివర్లో నన్ను అడిగారు, "ఎలా వాయించాడండీ మావాడు? ఇంట్లో అయితే వాయించనివ్వం కదా, నేను ఇవ్వాళే వినడం" అని. బాగా వాయించాడనే చెప్పాను. ఆ కేఫ్‌కి మళ్లీ వెళ్లను. ఆ కుర్రాళ్లు వేరేచోట వాయిస్తే వెళ్తాను.

అసలు ప్రయాణం విజయనగరం. అక్టోబరు 2న దసరా, తర్వాత వచ్చిన మంగళవారం 7న పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర. ముందురోజు తొలేళ్ల ఉత్సవం. విశాఖ నుంచి రైల్లో గంట ప్రయాణమే, పొద్దున వెళ్లి రాత్రికి రావచ్చు. కానీ మర్నాడు బొబ్బిలి వెళ్లాలని మా స్నేహితురాలి పట్టుదల. అందుకని లాడ్జి తీసుకున్నాం.

లాడ్జి సంగతి చెప్పాలి. ఫోన్లో చెప్పిన ధర ఒకటి, కౌంటరు దగ్గర అడిగింది దానికి రెట్టింపు. "ఏటండీ, అమ్మోరి పండగ! ఇయ్యాల దొరకడమే గొప్ప" అన్నాడు కౌంటరు మనిషి. మాస్టారు నోటుబుక్కు తీసి, ఫోను చేసిన తేదీ, టైము, చెప్పిన ధర గడగడా చదివారు. అరగంట వాదన తర్వాత బేరం మధ్యలో తెగింది. వేడినీళ్లు బకెట్టుకి ఇంత అని విడిగా తీసుకున్నారు. కిటికీలోంచి ఊరేగింపు కనిపిస్తుందని చెప్పారు గానీ ఆ కిటికీ పక్కింటి గోడవైపు తెరుచుకుంది. దుప్పట్లు మాత్రం ఉతికినవి, ఆ ఒక్కటీ ఒప్పుకోవాలి. సిరిమానుకి వెళ్లాలనుకునేవాళ్లు గది మోజు వదులుకుని, తెలిసినవాళ్ల మేడ ఉందేమో వాకబు చేసుకోవడం మంచిది. ఆరోజు విజయనగరంలో మేడకున్న విలువ మరి దేనికీ ఉండదు.

మాకు మేడ దొరకలేదు. మూడు లాంతర్ల కూడలి నుంచి కోటకి వెళ్లే దారిలో ఒక మూసిన బట్టల కొట్టు మెట్ల మీద పన్నెండింటికే కూర్చున్నాం. పక్కనే కూర్చున్న పెద్దావిడ పల్లెటూరి నుంచి నడిచి వచ్చారట. ఒళ్లో అరటిపళ్ల సంచి. సిరిమాను వచ్చినప్పుడు దాని మీదకి అరటిపళ్లు విసరడం మొక్కు. "నువ్వు ఎయ్యవేటి?" అని నా చేతిలో కూడా రెండు పెట్టారు.

ముందు వచ్చేవన్నీ వరసగా వచ్చాయి. పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల. వాటి వెనకా ముందూ తప్పెటగుళ్లు, పులివేషాలు, కర్రసాము. తప్పెటగుళ్లని అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదలు. రొమ్ముకి కట్టుకున్న రేకు తప్పెటని రెండు అరచేతులతో కొడుతూ గుండ్రంగా ఎగురుతారు. మైకు లేదు, స్పీకరు లేదు. వేలమంది గోలలో కూడా ఆ దెబ్బ విడిగా వినిపించింది. "మాస్టారూ, ఆ కేఫ్‌ వాళ్లకి ఇది చూపించాలండీ" అన్నాడు మా మంత్రి. ఈ మూడు నెలల్లో సంగీతం గురించి అతను చెప్పిన మాట అదొక్కటే, అది కూడా సరైన మాట.

సిరిమాను వచ్చింది. చింతచెట్టు మాను, 50 అడుగులకి తక్కువ ఉండదు. బండి మీద బిగించి, తాళ్లతో లాగుతూ తెస్తారు. ఆ మాను కొసన, ఆకాశంలో, పీట మీద పూజారి కూర్చుని ఉంటారు. ఆ ఏటి మాను ఏ తోటలో ఉందో అమ్మవారు కలలో చెబుతుందని నమ్మకం. గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. మొదటిసారి వచ్చినప్పుడు నేను పండు విసరడం కూడా మర్చిపోయి నోరు తెరుచుకుని చూశాను. రెండోసారి విసిరాను. ముందు నిలబడ్డాయన భుజానికి తగిలింది. ఆయన వెనక్కి తిరిగి, దండం పెట్టి, ఆ పండు ఒలుచుకుని తిన్నాడు.

రాత్రి జాతరలో తిరిగి బెల్లం జీళ్లు, ఖర్జూరాలు కొన్నాం. అన్నం దొరకలేదు. రెండు మెస్సుల్లో అయిపోయిందన్నారు, మూడోదాన్లో సాంబారన్నం అడుగు మిగిలింది. మాస్టారి పుస్తకంలో ఆ రాత్రి పేరు "పస్తు నం. 3".

బుధవారం పొద్దున కోటకి దగ్గర్లో ఉన్న సంగీత కళాశాల చూడ్డానికి వెళ్లాం. 1919లో విజయరామ గజపతిరాజుగారు పెట్టిన గానపాఠశాల ఇది. కళ్లు కనిపించని ఒక కుర్రాడికి సంగీతం చెప్పించాలన్న కోరికతో ఈ పని మొదలైందని ఇక్కడివాళ్లు చెబుతారు. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఫిడేలు చెప్పింది ద్వారం వారు, తర్వాత 1936లో ప్రిన్సిపాలు కూడా ఆయనే. ఘంటసాల, పి.సుశీల ఇక్కడ చదువుకున్నవాళ్లే. ఇంత ఘనత తెలిసి వెళ్తే పెద్ద హడావుడి ఉంటుందనుకుంటాం. మేం వెళ్లేసరికి వరండాలో ఎండ పడుతోంది. ఒక గదిలోంచి పిల్లలు సరళీ వరసలు పాడుతున్న చప్పుడు. ఒక పిల్ల గొంతు మిగతావాళ్లకన్నా అరవీసం ముందు వెళ్తోంది, టీచరు చేత్తో బల్ల మీద కొట్టి వెనక్కి లాగుతున్నారు. అనుమతి అడిగి పది నిమిషాలు గుమ్మం బయట నిలబడ్డాం. చవితి పందిట్లో విన్న భాగవతారుగారి చిడతల మోత నాకు అక్కడ గుర్తొచ్చింది. హరికథకి ఈ రూపం ఇచ్చిన దాసుగారు నడిచిన నేల అది.

అక్కణ్ణించి బొబ్బిలి బస్సు. ఒకటిన్నర గంట పైన పట్టింది. విజయనగరానికీ బొబ్బిలికీ 1757 నాటి యుద్ధం సంగతి మాస్టారు దారిపొడుగునా చెప్పారు. మా ముందు సీటాయన బొబ్బిలి మనిషి కాబోలు, రెండుసార్లు వెనక్కి తిరిగి సరిదిద్దాడు. ఊళ్లో దిగి ఆటోలో గొల్లపల్లి వెళ్లాం. బొబ్బిలి వీణలు తయారయ్యేది అక్కడ. సర్వసిద్ధి ఇంటిపేరు వాళ్లు తరాలుగా ఈ పని చేస్తున్నారు. జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

మేం వెళ్లినచోట ఒక పనసదుంగ నేలమీద పడుకోబెట్టి ఉంది. కుండ నుంచి చివర చెక్కే యాళి తల దాకా ఒకే దుంగలో తొలిచేది ఏకాండి వీణ. లోపల తొలవడం ఎక్కడ ఆపాలో చేతికే తెలుస్తుందట, వేలితో తట్టి చూసి ఇంకో రెండు పొరలు తీశాడాయన. మెట్లు 24. వాటిని నిలబెట్టేది తేనెమైనంలో బొగ్గుపొడి కలిపిన నల్లటి ముద్ద. పైన నాలుగు తీగలు, పక్కన తాళానికి మూడు. ఇవన్నీ నాకు కొత్త. మా స్నేహితురాలికి కాదు. ఆవిడ అక్కడున్న ఒక పూర్తయిన వీణ ముందు కూర్చుని, కాసేపు చేతులు ఒళ్లోనే పెట్టుకుని, తర్వాత మోహన రాగంలో నాలుగు స్వరాలు మీటింది. ఐదోది తప్పింది. చెయ్యి తీసేసింది.

"మాది ఇరవై రెండేళ్లుగా అటక మీద ఉంది బాబూ. పనికొస్తుందా?" అని అడిగింది.

"కర్ర సెడదమ్మా. మైనం ఎండిపోయుంటాది, మెట్లు కదిలిపోతాయి. తెచ్చీయండి, మళ్లీ కడతాం" అన్నాడాయన. అమ్మకానికి బలవంతం చేయలేదు. మా మంత్రి జానెడు బొమ్మ వీణ ఒకటి కొన్నాడు, ఆఫీసులో బల్ల మీద పెట్టుకోవడానికి. దాని తీగలు మోగవు. పని మాత్రం అసలు వీణంత శ్రద్ధగా చేశారు. బహుమతికి ఏం కొనాలని తలపట్టుకునేవాళ్లు ఒకసారి చూడండి. ఊళ్లో మధ్యాహ్నం అరిటాకు భోజనం దొరికింది. ముద్దపప్పు, వంకాయ కూర, పులుసు, గడ్డపెరుగు. ఈ సీజన్ మొత్తంలో నా ఓటు ఆ భోజనానికే. అక్కడ మంగళం బెంగ లేదు కదా!

అక్టోబరు చివర అరకు వెళ్దామని టికెట్లు తీసుకున్నాం. 28న మొంథా తుపాను తీరం దాటింది, రైలు రద్దయింది. డబ్బు దానంతటదే వెనక్కొచ్చింది. ఆ వారం ఉన్న ఒక కచేరీ కూడా వాయిదా పడింది.

నవంబరు రెండో వారాంతంలో వెళ్లాం. కిరండూల్ ప్యాసింజరు పొద్దున్నే బయల్దేరుతుంది. అద్దాల బోగీలో సీటు దొరకలేదు, మామూలు బోగీలో కిటికీ దొరికింది. నా మాట వింటే తుపాను తర్వాత కొండలు చూడ్డానికి తెరిచిన కిటికీయే నయం. శృంగవరపుకోట దాటాక సొరంగాలు మొదలవుతాయి. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీలో పిల్లలందరూ కలిసి కేకలు. యాభై పైన సొరంగాలు, అన్ని కేకలు. మాస్టారు ముప్పై దాకా లెక్కపెట్టి నిద్రపోయారు. బొర్రా దాటాక లోయలో వలిసె పూలు కనిపించాయి. పసుపు ఆరబోసినట్టు అని ఎవరో అన్నారు. నాకైతే మా అమ్మ పాత పట్టుచీర గుర్తొచ్చింది.

టెంటు బుక్ చేసిన తప్పు నాది. ఫొటోలో దీపాలు, చలిమంట, గిటారు ఉన్నాయి. వెళ్లేసరికి టెంటు కింద నేల తడి ఇంకా ఆరలేదు. పరుపు అంచు నానింది, రాత్రి చలికి స్వెట్టర్లు వేసుకునే పడుకున్నాం. చలిమంటకి విడిగా డబ్బు. గిటారు ఫొటో కోసం పెట్టిందట, దానికి రెండు తీగలు లేవు. పైగా నెట్‌లో మేం చెల్లించిన దాంట్లో పొద్దుటి టిఫిన్ ఉందా లేదా అన్నది వాళ్లకే తెలీదు. ఆ రేటుకి అరకులో నాలుగు గోడలున్న గది వస్తుంది.

సాయంత్రం గిరిజనుల నాట్యం థింసా ఏర్పాటు చేశారు. ఆడవాళ్లు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు పెనవేసి, అడుగులో అడుగు వేస్తూ పాములా మెలికలు తిరుగుతుంటే మోరి, తుడుము, డప్పు వాయించేవాళ్లు పక్కన నిలబడ్డారు. మొదటి పది నిమిషాలు టెంట్ల వాళ్లు మైకు పెట్టి సినిమా యాంకర్‌లా ఏదో చెప్తూనే ఉన్నారు. వాయించేవాళ్లలో పెద్దాయన చేత్తో సైగ చేశాక మైకు ఆపారు. అప్పుడు మోరి ఊదడం విన్నాం. ఆ గొంతు సన్నాయికి దూరపు చుట్టమే గానీ దానికన్నా మొండిది. మా స్నేహితురాలు వెళ్లి ఆ వరసలో కలిసింది. నేను రెండు చుట్లకే ఆయాసపడి బయటికొచ్చాను. ఆట అయ్యాక వాళ్లకి ఎంత ముడుతుందని మాస్టారు అడిగారు. చెప్పిన అంకె పుస్తకంలో రాయలేదు, జేబులోంచి తీసి ఇచ్చారు.

ఇక బొంగు చికెన్. మంత్రి నెలరోజులుగా దాని గురించే మాట్లాడుతున్నాడు. కానీ కార్తీక మాసం. మాస్టారూ, మా స్నేహితురాలూ ముట్టరు. నేను సోమవారాలు మాత్రమే పాటిస్తాను, ఆరోజు శనివారం. రోడ్డు పక్కన పాకలో నిప్పుల మీద బొంగులు తిప్పుతున్నారు. నూనె చుక్క వెయ్యరు. మసాలా పట్టించిన ముక్కలు బొంగులో కూరి, ఆకుతో మూతి బిగించి కాలుస్తారు. మా ఇద్దరికీ ఒక బొంగు, వాళ్లిద్దరికీ బొంగులో కూరగాయల అన్నం. చెప్పకూడదు గానీ అన్నమే ఎక్కువ బాగుంది. వెదురు వాసన దానికి బాగా పట్టింది. మంత్రి ఒప్పుకోలేదు, కానీ మాస్టారి ఆకులోంచి రెండుసార్లు తీసుకున్నాడు.

కార్తీకంలో ఆఖరి ఆదివారం ముడసర్లోవ పార్కులో పిక్నిక్. విశాఖలో వనభోజనాలని పిలుపుల్లో రాస్తాం, నోటితో పిక్నిక్ అనే అంటాం. ఆ రోజు చెట్టుకో జట్టు, జట్టుకో స్పీకరు. ఉసిరి చెట్టు నీడ కోసం తెల్లవారకముందే దుప్పటి పరిచి కాపలా కూర్చున్నవాళ్లున్నారు. మాకు వేపచెట్టు దొరికింది, ఉసిరి కొమ్మ ఒకటి ఇంటి నుంచి తెచ్చి దాని కింద పెట్టాం. పులిహోర, గుమ్మడికాయ దప్పళం, బూరెలు. మాడుగుల హల్వా డబ్బా మాస్టారు తెచ్చారు. చుట్టూ ఇరవై స్పీకర్లు మోగుతుంటే మా స్నేహితురాలు ఏం పాడినా వినబడదని, దుప్పటి మీద మమ్మల్ని దగ్గరికి జరగమంది. మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంటే వినిపించింది. చరణంలో మాట మర్చిపోయి హమ్ చేసింది.

ఆవిడ వీణ ఇప్పుడు గొల్లపల్లిలో ఉంది. పోయిన వారం అటక దింపి, రెండు బొంతల్లో చుట్టి, మంత్రి కారులో తీసుకెళ్లి ఇచ్చి వచ్చాం. సంక్రాంతి దాటాక రమ్మన్నారు. మాస్టారు కొత్త పేజీ తిప్పి పైన "బొబ్బిలి" అని రాశారు. దాని కింద మంత్రి చెప్పగా ఇంకో వరస రాసుకున్నారు. ఆ అరిటాకు భోజనం మధ్యాహ్నం మూడింటి దాకానే ఉంటుందట.